నూట పద్దెనిమిది

నాలుగు గీతలూ పచ్చగానే ఉన్నాయి. సిగ్నల్ నిండుగా ఉంది, కనెక్టెడ్ అని రాసి కూడా ఉంది, కానీ పేజీ తెరుచుకోదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అనేది అమ్మ ఇలాంటప్పుడు. ఇప్పుడు అమ్మ ఏమీ అనదు. మూడడుగుల దూరంలో, రంపపు పొట్టు వాసన ఇంకా పోని కొత్త పెట్టెలో, తెల్లచీరలో, నడుం నుంచి కిందంతా లిల్లీపూలు కప్పుకుని పడుకుంది. క్రాంతికుమార్ చర్చి నాపరాళ్ళ మీద బాసింపట్టు వేసుకుని, పరవాడ కంపెనీ తనకిచ్చిన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, తల్లి వైపు కాకుండా ఆ నాలుగు గీతల వైపు చూస్తున్నాడు. గోడ గడియారం మూడుంబావు. మూడున్నరకి ఆఖరి పాట. పాటవగానే మూత. ఆ మూత పడేలోపు ఈ అద్దంలో అక్క, రోజలిన్ అప్ప, కనబడాలి, అప్పకి అమ్మ కనబడాలి. కువైట్‌లో అప్ప పాస్‌పోర్టు నర్సు ఉద్యోగమిచ్చిన ఆసుపత్రి వాళ్ళ బీరువాలో ఉంది, సెలవిచ్చే దొర ఊళ్ళో లేడు, విమానం ఎల్లుండి కానీ దొరకదు. ఈ మే నెల ఎండలో అమ్మ ఎల్లుండి దాకా ఆగదు. తెల్లారగట్ల ఫోనులో ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడుపు ఆపి ఒక్క మాట అడిగింది అప్ప. "ఫొటోలు తరవాత పంపుదువురా. మూతేసేటప్పుడు నేనుండాల." ఉంటావు అప్పా, నేను చేస్తాను, నా పనే అది కదా, అనేశాడు తను. ఎంత తేలిగ్గా అనేశాడో.

నిజంగానే తన పని అదే. కంపెనీలో నలభై కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయంటే అది తన చలవే. అలాంటిది ఒక్క రోడ్డు దాటించలేకపోతున్నాడు. చర్చికి ఫోను లైను లేదు. లైనున్నది రోడ్డుకి అవతల, పాస్టరు రత్నరాజు గారింట్లో. మోడెమ్ వాళ్ళ ముందుగదిలో ఉంది, దాన్ని అక్కడ పెట్టింది కూడా తనే. మధ్యలో బెల్లం లారీలు తిరిగే రోడ్డు. దాని మీద వైరు పరిస్తే పావుగంట నిలవదు, పైనుంచి కడదామంటే నిచ్చెన కావాలి, మనుషులు కావాలి, శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఎవణ్ణని అడుగుతాడు? అందుకని మధ్యాహ్నం, షామియానా కింద చుట్టాలందరూ కూర్చుని ఉండగా, కొడుకన్నవాడు కనబడక జనం వెతుక్కుంటూ ఉండగా, తను మెయిన్ రోడ్డులో త్రినాధరావు కంప్యూటర్ల షాపుకి పరిగెత్తి ఒక వైర్‌లెస్ డబ్బా పట్టుకొచ్చాడు. రెండు కొమ్ముల తెల్ల డబ్బా. దాన్ని పాస్టరుగారి కిటికీలో, చర్చి వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి, మోడెమ్ నుంచి దానికి వైరు లాగాడు. అంతకు ముందే, షాపులోనే, డబ్బాకి నంబరిచ్చాడు. ప్రతి యంత్రానికీ ఒక నంబరుండాలి, లేకపోతే ఎవరి మాట ఎవరికి చేరాలో తెలియదు. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, ఈ మూడూ వీధి పేరు లాంటివి, ఆ ఇంట్లో అన్నిటికీ అవే. చివరి అంకె మాత్రం ఇంటి నంబరు, ఎవరిది వాళ్ళకే. కొత్త డబ్బా ఫ్యాక్టరీలోంచి వేరే వీధి పేరుతో వచ్చింది. దాన్ని ఈ వీధిలోకి తెచ్చాడు. నంబర్లు పంచే అధికారం మోడెమ్‌కీ ఉంది, డబ్బాకీ ఉంది. ఒక ఇంటికి ఇద్దరు పెత్తందార్లుంటే కొంప కొల్లేరవుతుందని, గుర్తుపెట్టుకుని మరీ డబ్బా పెత్తనం తీసేశాడు. అంత జాగ్రత్త పడ్డాడు. కళ్ళు మండుతున్నా, రాత్రంతా నిద్ర లేకపోయినా, అంత జాగ్రత్తా పడ్డాడు. మరి ఎక్కడ చచ్చింది?

జేబులో ఫోను అదురుతోంది. అప్పే. తీయకూడదు అనుకుంటూనే తీశాడు. "నల్లగానే ఉందిరా తమ్ముడా, నీ పేరు పక్కన దీపమే యెలగలేదు. అయిపోనాదా? ఏసీసేరా మూత?" అప్ప గొంతు వెనకాల ఎవరో మలయాళంలో మాట్లాడుతున్నారు, అప్ప గదిలో ఉండే నర్సులు కాబోలు, అందరూ ఆ కంప్యూటరు చుట్టూ మూగి ఉంటారు. "నేదప్పా, ఇంకా ఏలేదు, వత్తాది, ఒక్క అయిదు నిమిషాలు," అన్నాడు. ఈ అయిదు నిమిషాల మాట అరగంట నుంచి అంటున్నాడు. ఫోను జేబులో పెట్టుకుంటుంటే పక్కింటి అప్పలనర్సమ్మ పెట్టె అవతలి నుంచి చూస్తోంది. ఆవిడ మనసులో ఏదీ ఉంచుకునే మనిషి కాదు. "ఏట్రా నాయినా, అమ్మ కాడ కూకుని కంపూటర్ సూత్తన్నావు? ఒక్క సుక్క కన్నీరొచ్చిందేటి నీకు?" రాలేదు, నిజమే. ఏడవడానికి వేరే రోజు చూసుకోవాలి. ఇప్పుడు ఏడిస్తే అద్దం మీద అక్షరాలు కనబడవు.

లాప్‌టాప్‌లో ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ తెరిచి మోడెమ్‌ని పిలిచాడు. పిలవడమంటే అంతే, నంబరు కొట్టి ఉన్నావా అని అడగడం. నూట పద్దెనిమిది, ఉన్నావా? ఉన్నాను. ఉన్నావా? ఉన్నాను. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ రెప్పపాటులో జవాబొచ్చింది. బయట లోకాన్ని పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ లేదు. మోడెమ్ పలుకుతోంది, కానీ ఇచ్చిన మాట అవతలికి అందించదు. ఇదేం విడ్డూరం? పిలిస్తే ఓయ్ అంటుంది, పని చెబితే కదలదు. అలాగని లైను పోయిందా అంటే అదీ కాదు. ఇందాక రోడ్డు దాటి వెళ్ళి పాస్టరుగారి కంప్యూటర్లో చూస్తే అక్కడ పేజీ శుభ్రంగా తెరుచుకుంది. అక్కడ ఉన్నది ఇక్కడ లేదు. మధ్యలో నలభై అడుగుల గాలి. ఆ గాలిలోనే ఏదో మింగేస్తోందా? పైన రేకుల కప్పా? ఎదురుగా లారీలా? లారీ అడ్డమొస్తే గీత తగ్గాలి కదా, తగ్గలేదే. నాలుగు గీతలు. ఆ గీతల్ని చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. లాప్‌టాప్‌ని నేలకేసి కొట్టి లేచిపోవాలనిపించింది. లేచి ఎక్కడికి పోతాడు? మూడడుగులు.

మోడెమ్‌కి నూట పద్దెనిమిది అన్నది కంపెనీ పెట్టిన నంబరు కాదు, తను పెట్టిందే. అమ్మ పాట అది. అమ్మకి అక్షరాలు అంతంతమాత్రం, పాటల పుస్తకం చేత్తో పట్టుకునేది కానీ చూసేది కాదు. పాటలన్నీ నంబర్లతోనే గుర్తు. నర్సింగ్ హోములో ఆయాగా పురుళ్ళగదిలో పాతికేళ్ళు నిలబడింది. కష్టపు కాన్పు అయితే నలభై రెండు పాడుకునేదట లోపల్లోపల. బిడ్డ ఏడిస్తే తొమ్మిది. చర్చి మొత్తం అంతే, పాట పేరు ఎవరూ చెప్పరు, నంబరు చెబుతారు. రేషన్ కార్డులా ఇంటికో నంబరుంటుంది. ఫలానా వాళ్ళ ముసలాయన పాట డెబ్భై అయిదు, ఆయన పోయిన రోజు నుంచీ డెబ్భై అయిదు ఎత్తితే ఆ ఇంటివాళ్ళు తలవంచుకుంటారు. అమ్మ పేరు సువార్తమ్మ, ఆమె పాట నూట పద్దెనిమిది. క్రాంతికుమార్ మొదటిసారి ఉద్యోగంలో ఒక యంత్రానికి నంబరివ్వాల్సి వచ్చినప్పుడు, ఏ అంకె అయినా పర్లేదని పెద్దాయన అన్నప్పుడు, చేతికి అదే వచ్చింది. మర్చిపోడు కదా అని. అప్పట్నుంచి ఎక్కడికెళ్ళినా, స్కూల్లో పెట్టినా, మందుల షాపులో పెట్టినా, ముఖ్యమైన డబ్బాకి అదే. కాయితం మీద రాసుకునే పని లేదు. ఒకసారి అమ్మకి చెబితే నవ్వింది. "నా పాట ఊరంతా పెట్టేసినావేట్రా," అంది. తర్వాత, "యేలాకోళం కాదు గదా?" అని అడిగింది. కాదమ్మా అన్నాడు. ఆ నవ్వు ఎప్పటిది? వానల్లో. క్రిస్మస్‌కి ముందే. క్రిస్మస్ తర్వాత అమ్మ నవ్వింది లేదు.

వద్దు, అటు వెళ్ళకూడదు. అటు వెళ్తే చేతులు ఆగిపోతాయి. కానీ మనసుకి తాడు లేదు. కిడ్నీలు రెండూ పోయాయని వైజాగ్‌లో డాక్టరు చెప్పినప్పుడు అమ్మ బస్సు దిగేదాకా మాట్లాడలేదు. దిగాక, బస్ కాంప్లెక్స్ దగ్గర చెరకురసం బండి పక్కన నిలబెట్టి, మెడలో సిలువ పట్టించి ఒట్టేయించుకుంది. "దానికి సెప్పేవంటే అది నౌకరీ ఒగ్గీసి వచ్చీగల్దు. దాని బతుకు నా మంచం కాడ తెల్లారకూడదు. నాను పోయేక సెప్పు." అలాగేనమ్మా అన్నాడు. ఆ ఒట్టు అమ్మ వేయించిందే, అందులో అబద్ధం లేదు. కానీ వేయించుకున్నప్పుడు లోపల హమ్మయ్య అనిపించింది తనకే. ఎలా చెప్పాలో, ఏమని చెప్పాలో, చెప్పాక అప్ప వేసే వంద ప్రశ్నలకి ఏం జవాబివ్వాలో, అవన్నీ తప్పిపోయాయి. పిరికివాడికి ఒట్టు మంచి దుప్పటి. ఆదివారం ఆదివారం పాస్టరుగారింట్లో కెమెరా ముందు అమ్మకి పౌడరు రాసి కూర్చోబెట్టేవాడు. బాగున్నాను బాగున్నాను అనేది అమ్మ. మొన్న జ్వరమన్నాడు. ఇవాళ తెల్లారగట్ల గుండె ఆగిపోయిందన్నాడు. అందరికీ చివరికి ఆగేది గుండే కదా, అబద్ధమెలా అవుతుంది అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అందుకే, ఈ ఒక్కటైనా చేసి తీరాలి. అప్పకి ఇవ్వాల్సినవన్నీ ఎగ్గొట్టాడు, ఆఖరి చూపు కూడా ఎగ్గొడితే తను మనిషి కాడు. యేసయ్యా, ఒక్క పది నిమిషాలు, అంతకన్నా అడగను. ఆయనకి ఈ డబ్బాల సంగతి ఏం తెలుసు? అన్నీ తెలిసినాయనకి ఇదొక లెక్కా?

"అల్లుడా," రూఫస్ మామయ్య వెనకనుంచి భుజం మీద చేయి వేశాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. చేతిలో సుత్తి కనబడకుండా తువ్వాల్లో చుట్టుకున్నాడు, మేకులు జేబులో గలగలమంటున్నాయి. మేనమామ చేత్తోనే మూత పడాలని వాళ్ళలో ఆనవాయితీ. "అయ్యిందేటి? గొయ్యి తవ్వినోళ్ళు వచ్చి కూకున్నారు. పాస్టరుగోరు మొగమాటానికి ఊరుకున్నారు గానీ..." క్రాంతికుమార్ తల ఎత్తలేదు. "ఒక్క పాట సేపు ఆగు మామయ్యా." "పాటే గదరా మిగిలింది," అన్నాడు రూఫస్.

డబ్బాని ఆపి వేయించాడు, పాస్టరుగారి కోడలితో ఫోనులో చెప్పి. ఆవిడ ఏ స్విచ్చి ఆపిందో ఏమో. గీతలు పోయాయి, మళ్ళీ వచ్చాయి. నాలుగు. పిలిచాడు. నూట పద్దెనిమిది ఉన్నావా? ఉన్నాను. అవతల? లేదు. చెమట ముక్కు మీదనుంచి కీబోర్డు మీద పడింది. ఇంక అవదు. అప్పకి ఫోను చేసి చెప్పేయాలి, అవలేదప్పా, నాకు చేతకాలేదు అని. నలభై యంత్రాల మొనగాడు. అప్ప ఏమంటుంది? ఏమీ అనదు, సరేలేరా అంటుంది, ఆ సరేలేరా జన్మంతా వినబడుతుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. రత్నరాజు గారు అప్పుడే లేచి, కళ్ళజోడు సర్దుకుని, పెట్టె తల వైపుకి వచ్చి నిలబడ్డారు. "మన సహోదరి సువార్తమ్మగారి కీర్తన పాడుకుందాం. నూట పద్దెనిమిది."

మోడెమ్, అనుకున్నాడు క్రాంతికుమార్, అలవాటుగా. మోడెమ్ నూట పద్దెనిమిది. మరి మధ్యాహ్నం ఆ తెల్ల డబ్బాకి? త్రినాధరావు షాపు బల్ల మీద, కరెంటు వైరు పొట్టిదైతే స్టూలు మీద నిలబడి, ఇంటి దగ్గర స్నానం చేయిస్తున్నారని ఎవరో ఫోను చేస్తుంటే, వీధి పేరు మూడంకెలూ కొట్టి, చివరి అంకె? ఏం కొట్టాడు? గుర్తు లేదు. గుర్తు లేదంటే అర్థం, ఆలోచించలేదు. ఆలోచించకుండా కొట్టిందంటే చేయి ఇంకేం కొడుతుంది? ప్రతిచోటా కొట్టిందే. పెద్ద డబ్బాకి అమ్మ నంబరు. అయ్యో దేవుడా. ఒకే వీధిలో రెండిళ్ళకి ఒకే నంబరు. పోస్ట్‌మేన్ దగ్గరున్న ఇంట్లో పడేసి పోతాడు. ఇక్కణ్ణుంచి పంపినవన్నీ కిటికీలో డబ్బా దగ్గరే ఆగిపోతున్నాయి. ఉన్నావా అంటే ఉన్నాను అన్నది మోడెమ్ కాదు, అది. పలికింది కదా అని సంబరపడ్డాడే కానీ పలికింది ఎవరో తలుపు తీసి చూడలేదు.

పాట మొదలైంది. అయిదు చరణాలు. ఆడవాళ్ళ వైపునుంచి సన్నగా లేచి, మగవాళ్ళ వైపుకి వచ్చేసరికి బరువెక్కింది. ఇన్నేళ్ళలో అమ్మ గొంతు లేకుండా ఆ పాట వినడం ఇదే మొదలు, రెండో పాదంలో ఎప్పుడూ ముందుకి దూకే ఆ గొంతు లేక పాట నింపాదిగా, వరుస తప్పకుండా నడుస్తోంది. వినకూడదు. బ్రౌజర్‌లో నూట పద్దెనిమిది కొట్టాడు. తెల్ల డబ్బా పేజీ వచ్చింది, కంపెనీ బొమ్మతో సహా. అదే. అదే. లోపలికి వెళ్ళే మాట అడిగింది, ఇచ్చాడు. రెండో చరణం. నంబరు ఉన్న చోట చివరి ఎనిమిదిని చెరిపేయాలి. ఒక్క అంకె. వేలు ఒక్క క్షణం ఆగింది, ఎందుకాగిందో తనకే తెలియదు. తొమ్మిది కొట్టాడు. సేవ్. డబ్బా మళ్ళీ మొదలవుతోంది, అరవై సెకన్లు ఆగమంది. గీతలు పోయాయి. మూడో చరణం. అరవై సెకన్లంటే ఎంత? అమ్మ ఆఖర్న ఊపిరికీ ఊపిరికీ మధ్య తీసుకున్నంత. నాలుగో చరణం. ఏమైనా తప్పు కొడితే ఇంక డబ్బా కనబడనే కనబడదు, అంతే సంగతులు. గీత ఒకటి. రెండు. మూడు, నాలుగు. పిలిచాడు. నూట పద్దెనిమిది, ఉన్నావా? కొంచెం ఆలస్యంగా, రోడ్డవతలి నుంచి వచ్చినట్టు, ఉన్నాను. బయటి లోకమా, ఉన్నావా? ఉన్నాను. అయిదో చరణం. మెసెంజర్ తెరుచుకుంది, అప్ప పేరు పక్కన దీపం వెలిగింది, నల్ల చతురస్రం ముందు బూడిదరంగయింది, తర్వాత గళ్ళుగళ్ళుగా విడిపోయి, కలిసి, అప్ప ముఖమైంది. ఆసుపత్రి తెల్లబట్టల్లోనే ఉంది. పాట అయిపోయింది. చర్చిలో ఎవరో ముక్కు చీదారు. క్రాంతికుమార్ లేచాడు, కాళ్ళు తిమ్మిరెక్కి తూలాడు, అద్దం పైన తగిలించిన కెమెరాని పెట్టె వైపు తిప్పి, లాప్‌టాప్ రెండు చేతులతో ఎత్తి పెట్టె మీదకి వంచాడు. వచ్చేసింది, చేశాను, చేశాను. ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

"కనబడతందా అప్పా?"

"కనబడతంది." అప్ప చాలాసేపు చూసింది. ఏడవలేదు. అమ్మా అని ఒక్కసారి పిలిచి, పెదవులు బిగించి, ఆసుపత్రి మంచం మీది మనిషిని చూసినట్టు ముఖమంతా చూసింది, కళ్ళ కింద, మెడ దగ్గర. తర్వాత మామూలు గొంతుతో అంది, "మామయ్యా, కాళ్ళ మీద పూలు తియ్యి. తమ్ముడా, కాళ్ళు సూపించు."

రూఫస్ అర్థంకాక పాస్టరుగారి వైపు చూశాడు, ఆయన తలూపారు. పూలు పక్కకి తోశాడు, చీర అంచు జరిపాడు. స్నానమయ్యాక ఆడవాళ్ళు తెల్ల మేజోళ్ళు తొడగబోతే నీరుపట్టి ఉబ్బిన కాళ్ళకి ఎక్కలేదు, వెనకవైపు కత్తిరించి పైకి కనబడకుండా అమర్చారు. "మేజోడు లాగీ," అంది అప్ప. "తమ్ముడా, సీలమండ పైన బొటనేలుతో నొక్కు. గట్టిగా." క్రాంతికుమార్ లాప్‌టాప్‌ని ఎడమచేతి మీద ఆనించి, కుడిచేత్తో నొక్కాడు. అమ్మ ఒళ్ళు ఇంత చల్లగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. వేలు తీశాడు. గుంట పడింది, లోతుగా, వేలి ఆకారంలో, అలాగే ఉండిపోయింది. అది కెమెరాకి స్పష్టంగా కనబడుతోందని తనకి తెలుసు, ఎందుకంటే కింద మూల చిన్న చతురస్రంలో తనకీ కనబడుతోంది.

"గుండాగిపోనాదన్నావు," అంది అప్ప. "ఎన్నాళ్ళ బట్టిరా?"

లాప్‌టాప్ మూసేయొచ్చు. నెట్ పోయిందప్పా అంటే సరిపోతుంది, కరెంటు పోయిందంటే సరిపోతుంది, ఈ ఊళ్ళో ఎవరు కాదంటారు? ఇందాకటి దాకా ఏ లైను కోసం ప్రాణం పెట్టాడో ఆ లైను ఇప్పుడు తెగితే బాగుండునని ఒళ్ళంతా కోరుకుంది. నాలుగు గీతలూ కదలకుండా ఉన్నాయి. అప్ప కళ్ళార్పకుండా చూస్తోంది.

"క్రిస్మస్ కాడినించి," అన్నాడు.

అప్ప వెనకాల నిలబడ్డ అమ్మాయిలు ఏదో అడిగారు, అప్ప చేయెత్తి వాళ్ళని ఆపింది. "కిడ్నీలా?" అంది. తలూపాడు. "అయిదు నెల్లు," అంది. తర్వాత, అరవలేదు, తిట్టలేదు, చిన్నపిల్లాడికి తెలియని సంగతి చెప్పినట్టు చెప్పింది. "నేను నర్సునిరా, తమ్ముడా. నేను నర్సుని."

రూఫస్ మామయ్య మేజోడు మళ్ళీ అమర్చాడు, పూలు సర్దాడు, ఆగాలా అన్నట్టు అద్దం వైపు చూశాడు. అప్ప కళ్ళు తుడుచుకుని, ఏసెయ్యి మామయ్యా అంది. మూత దిగింది. క్రాంతికుమార్ లాప్‌టాప్ దించలేదు. చేతులు పీకుతున్నా, అప్ప ముఖం చూడలేకపోతున్నా, ఉండాలంది కనుక ఉండనివ్వాలని, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. సుత్తి లేచింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు, ఎక్కడా చెదరలేదు. చర్చిలో మేకు మీద దెబ్బ పడిన అర క్షణానికి అక్కడ అప్ప భుజాలు అదిరాయి. ఎనిమిది మేకులు. ప్రతి దెబ్బకీ, అర క్షణం ఆలస్యంగా, అదిరాయి.